తిరుపతిలో ఒక మెదడు తరంగాల శబ్ద విశ్రాంతి కేంద్రం: వినే ముందు చూసుకోవలసినవి

తిరుపతిలో ఇటీవల తెరిచిన ఒక శబ్ద విశ్రాంతి కేంద్రానికి మా అత్తయ్యతో కలిసి కొన్నాళ్లు వెళ్లి వచ్చాక ఈ సమీక్ష రాస్తున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టి, ఎడమ చెవికి ఒక స్వరాన్ని, కుడి చెవికి దానికంటే కొద్దిగా హెచ్చు స్వరాన్ని వినిపించి, మెదడు తరంగాలను నిద్ర వైపో ఏకాగ్రత వైపో మళ్లిస్తామని చెప్పే ‘బైనారల్ బీట్స్’ సేవ ఇది. కేంద్రం పేరు రాయడం లేదు. ఇక్కడ నాకు కనిపించిన మంచీ లోపమూ ఇలాంటి సేవలు అన్నింటిలోనూ, ఫోన్లలో దొరికే యాప్‌లలోనూ ఉండగలవు కాబట్టి, ఏం అడగాలో, ఏం గమనించాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం. నేను డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను, వైద్యురాలిని కాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: తగుమాత్రపు శబ్దస్థాయిలో వింటే ఈ శబ్దం ఆరోగ్యవంతులకు కీడు చేసేదిగా నాకు కనిపించలేదు, అలాగని అద్భుతాలు చేసేదిగానూ కనిపించలేదు. ప్రమాదం ఉంటే అది శబ్దాన్ని పెంచడంలో, దానికి జోడించే మినుకు దీపాల కళ్లద్దాలలో, మందుల గురించి ఇచ్చే సలహాలలో ఉంది.

కేంద్రం ఒక భవనం మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకువెళ్లేవారు ముందే తెలుసుకోవాలి. లోపల శుభ్రత బాగుంది. వెనక్కి వాలే కుర్చీలు, మందపాటి తెరలు, మసక వెలుతురు. యాత్రికుల వాహనాలతో పొద్దస్తమానం మోగే మన వీధుల హారన్లు ఆ గదిలోకి దాదాపు రావు. ఒకరు వాడిన హెడ్‌ఫోన్లను తుడిచి, కొత్త తొడుగు వేసి మరొకరికి ఇస్తారు. ఒక విడత 40 నిమిషాలు, రుసుము 500 రూపాయలు. సిబ్బంది మర్యాదగా మాట్లాడతారు, తొందరపెట్టరు.

ఈ విద్య వెనుక ఉన్న భౌతికశాస్త్రం నిజమైనదే. తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు దాదాపు కలిసి, పూర్తిగా కలవకుండా ఉన్న క్షణంలో నాదం ఊగుతున్నట్లు వినిపిస్తుంది. వాటినే విస్పందనాలు అంటాం. అక్కడ రెండు ధ్వనులూ గాలిలోనే కలుస్తాయి. రెండు చెవులకు వేరువేరుగా ఇచ్చినప్పుడు గాలిలో కలిసే అవకాశం లేదు కనుక, మెదడు కాండంలో రెండు చెవుల సమాచారం కలిసే చోట ఆ ఊగిసలాట పుడుతుంది. దీన్ని జర్మన్ భౌతికశాస్త్రవేత్త హైన్‌రిష్ విల్‌హెల్మ్ డోవ్ 1839లో గమనించారు. జెరాల్డ్ ఆస్టర్ 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంతో ఇది విస్తృతంగా తెలిసింది. ఎడమ చెవికి 200 హెర్ట్జ్ (అంటే సెకనుకు 200 కంపనాలు), కుడి చెవికి 206 హెర్ట్జ్ ఇస్తే 6 హెర్ట్జ్ ఊగిసలాట అనుభవానికి వస్తుంది. 20 హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యాన్ని మన చెవి నేరుగా స్వరంగా వినలేదు కాబట్టే ఈ ఉపాయం. మూల స్వరాలు సుమారు 1000 హెర్ట్జ్ దాటితే, లేదా రెండింటి మధ్య తేడా 30 హెర్ట్జ్ మించితే ఆ అనుభవం క్రమంగా చెదిరిపోతుంది.

ఆ 6 హెర్ట్జ్ ఎందుకంటే, 1924లో హాన్స్ బెర్గర్ తొలిసారి మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసిన నాటి నుంచి వాటిని వేగాన్ని బట్టి విభజిస్తూ వచ్చారు: గాఢనిద్రలో ప్రముఖంగా కనిపించే డెల్టా 4 హెర్ట్జ్ లోపు, మగత వేళ తీటా 4 నుంచి 8, కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆల్ఫా 8 నుంచి 13, మెలకువతో పని చేసేటప్పుడు బీటా 13 నుంచి 30, ఆపైన గామా. బయటి నుంచి అదే లయను వినిపిస్తే మెదడు ఆ లయను పట్టుకుంటుందన్నది ఈ సేవల మూల వాదం. కేంద్రం వారు ఇంట్లో వినడానికి ఇచ్చిన ఫైలును నేను ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రెండు వైపులనూ విడివిడిగా పరిశీలించాను. వాన చప్పుడు వెనుక ఎడమ వైపు 200, కుడి వైపు 206 హెర్ట్జ్ స్వరాలు వారు చెప్పినట్లే ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. మా అక్క కొడుకు గ్రూప్ 2 పరీక్షలకు చదువుకుంటూ ఏకాగ్రత కోసం వినే ఉచిత వీడియో ఒకటి తెచ్చి "పిన్నీ, ఇది కూడా చూడు" అంటే దాన్నీ పరిశీలించాను. అందులో రెండు వైపులా ఒకే స్వరం ఉంది, ఊగిసలాట పుట్టే అవకాశమే లేదు. ఒకే చెవికి ఇయర్‌బడ్ పెట్టుకున్నా ఫలితం ఇంతే. రెండు వైపులనూ కలిపేసే మోనో ఆడియో అమరిక ఫోనులో పెట్టి ఉంటే స్వరాలు చెవికి చేరకముందే కలిసిపోయి, తంబురాలో లాంటి మామూలు విస్పందనమే వినిపిస్తుంది. స్పీకరులో వినదలచినవారికి ఒకే స్వరాన్ని లయబద్ధంగా ఆపి ఆపి వినిపించే ఐసోక్రోనిక్ పద్ధతి ఉంది, దానికి హెడ్‌ఫోన్లు అక్కర్లేదు.

ఇంతకూ పని చేస్తుందా? 2005లో అనస్థీషియా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, శస్త్రచికిత్సకు ముందు ఈ శబ్దాలు విన్న రోగుల ఆందోళన స్కోరు సగటున 26.3 శాతం తగ్గింది. అదే నేపథ్య ధ్వనిని విస్పందనాలు లేకుండా విన్నవారిలో 11.1 శాతం, ఏమీ వినని వారిలో 3.8 శాతం తగ్గింది. ఇది ఆశ కలిగించే ఫలితమే. మెదడు తరంగాలు నిజంగా ఆ లయను అనుసరిస్తున్నాయా అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆధారం పలచబడుతుంది. 2023లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన సమీక్ష 14 అధ్యయనాలను పరిశీలించగా, 5 అనుకూలంగా, 8 ప్రతికూలంగా, ఒకటి మిశ్రమంగా ఉన్నాయి. అంటే కొందరికి మనసు నెమ్మదించడం నిజం కావచ్చు, దానికి కేంద్రం చెప్పే కారణం ఇంకా రుజువు కాలేదు.

మా అత్తయ్య విషయంలో నేను గమనించినది కూడా ఈ సందేహానికి దగ్గరగానే ఉంది. మామయ్య పోయినప్పటి నుంచి ఆవిడకు నిద్ర సరిగా లేదు. ఆవిడ ఒప్పుకున్న మీదట, ఏ రోజు ఏది పెడుతున్నారో ఆవిడకు చెప్పకుండా, కొన్ని సాయంత్రాలు విస్పందనాలతోనూ కొన్ని సాయంత్రాలు ఉత్త వాన చప్పుడుతోనూ విడతలు నడిపించమని సిబ్బందిని కోరాను. వారు విసుక్కోకుండా సహకరించారు. ఆవిడ రెండింటికీ తేడా చెప్పలేకపోయారు. రెండు రకాల రోజుల్లోనూ పడుకునే ముందు కంగారు కొంత తగ్గింది, నడిరాత్రి మెలకువ మాత్రం అలాగే ఉంది. "ఎవరూ పలకరించకుండా కాసేపు కళ్లు మూసుకోనిచ్చారు చూడమ్మాయ్, అదే హాయిగా ఉంది" అన్నారు ఆవిడ. ఒక్క మనిషి అనుభవంతో ఏదీ రుజువు కాదు. అయినా 500 రూపాయలు దేనికి ఇస్తున్నామో ఆ మాట నాకు స్పష్టం చేసింది: చీకటి, నిశ్శబ్దం, నలభై నిమిషాల విశ్రాంతి. అవి విలువైనవే.

గోడల మీది పోస్టర్లు తీసేస్తే ఈ కేంద్రం మీద గౌరవం పెరుగుతుంది. 7.83 హెర్ట్జ్ భూమి నాడి అని, దాన్ని వింటే ప్రకృతితో అనుసంధానం కలుగుతుందని ఒక పోస్టరు చెబుతుంది. ఆ పౌనఃపున్యం భూమికీ, వాతావరణపు పై పొర అయిన అయనోవరణానికీ మధ్య ఏర్పడే విద్యుదయస్కాంత తరంగాలది, అవి ఉంటాయని భౌతికశాస్త్రవేత్త షూమాన్ 1952లో సూచించారు; దానికీ ధ్వనికీ సంబంధం లేదు. మరొక పోస్టరు 40 హెర్ట్జ్ శబ్దంతో వృద్ధుల మతిమరుపు పోతుందని హామీ ఇస్తుంది. 2016లో ఎంఐటీ శాస్త్రవేత్తలు ఎలుకలకు 40 హెర్ట్జ్ మినుకు కాంతి చూపి, అల్జీమర్స్‌తో సంబంధమున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్ తగ్గడాన్ని గమనించిన మాట వాస్తవం. తరువాత శబ్దంతోనూ ప్రయోగాలు చేశారు. మనుషుల్లో అది చికిత్సగా నిలబడిందని చెప్పే దశ మాత్రం రాలేదు. జ్ఞాపకశక్తి తగ్గుతున్న తల్లిదండ్రులను ఆ పోస్టరు నమ్మి ఇక్కడికి తీసుకువచ్చి, నాడీవైద్యుల దగ్గరికి వెళ్లడం వాయిదా వేసే కుటుంబాల గురించి నాకు నిజంగా ఆందోళనగా ఉంది. స్విమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్య విభాగం ఉన్న ఊరిలో ఆ వాయిదాకు కారణమే ఉండకూడదు. అతిశయోక్తి ప్రకటనల మీద జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇక కళ్లద్దాల సంగతి. అదనంగా 200 రూపాయలు చెల్లిస్తే శబ్దంతో పాటు లయకు తగినట్లు దీపాలు మినుకుమనే కళ్లద్దాలు పెడతారు. ఈ సేవలో నేను గట్టిగా హెచ్చరించదలచినది దీని గురించే. మినుకు కాంతి వల్ల కొందరికి ఫిట్స్ వస్తాయి. సెకనుకు 3 నుంచి 30 సార్లు మినుకుమనే కాంతి ప్రమాదకరమైన పరిధి, అంటే ఈ కళ్లద్దాలు పని చేసే పరిధి దాదాపు అదే. మూర్ఛవ్యాధి ఉన్నవారిలో సుమారు 3 శాతం మందికి ఈ కాంతి సున్నితత్వం ఉంటుంది, పిల్లల్లో, కౌమారంలో ఉన్నవారిలో ఎక్కువ. తమకు అది ఉన్నట్లు మొదటిసారి ఫిట్స్ వచ్చే వరకు తెలియనివారూ ఉంటారు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం కాంతులు సెకనుకు సుమారు 12 సార్లు మెరిసిన దృశ్యం తరువాత 685 మందిని ఆసుపత్రులకు తరలించారు, వారిలో అత్యధికులు పిల్లలు. కళ్లు మూసుకుంటే సరిపోతుందని కేంద్రంలోని యువకుడు చెప్పాడు. అది సరి కాదు: రెప్పల గుండా కాంతి వెళ్తుంది, పైగా ఈ కళ్లద్దాలు కళ్లు మూసుకునే వాడటానికి తయారైనవి. కాంతి వల్ల తేడా అనిపించిన క్షణంలో ఒక కంటిని అరచేతితో పూర్తిగా కప్పి, అటు నుంచి ముఖం తిప్పుకోవాలని వైద్య సంస్థలు సూచిస్తాయి.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇచ్చే కాగితంలో పేరు, వయసు, ఫోను నంబరు, ‘ఆరోగ్య సమస్యలు ఏవైనా ఉన్నాయా’ అన్న ఒక్క ప్రశ్న ఉన్నాయి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, కుటుంబంలో ఎవరికైనా ఉన్నాయా, తలకు గాయమైందా, చెవిలో హోరు ఉందా, మానసిక చికిత్స నడుస్తోందా అని విడివిడిగా అడగాలి. మన దగ్గర ఫిట్స్ మాట నలుగురిలో చెప్పడానికి, ముఖ్యంగా పెళ్లి కావలసిన పిల్లల విషయంలో, ఎంత సంకోచిస్తారో అందరికీ తెలుసు. అందువల్ల వరుసలో ఉన్నవారి ముందు కాకుండా పక్క గదిలో అడగడం అవసరం. ఈ సూచన చేసినప్పుడు నిర్వాహకురాలు శ్రద్ధగా రాసుకున్నారు. తరువాతి వారాల్లో కాగితంలో ఫిట్స్ ప్రశ్న చేరింది. ఆవిడను మెచ్చుకోవాలి. మూర్ఛవ్యాధి చరిత్ర ఉన్నవారు కళ్లద్దాలు అసలు వద్దనాలి, ఉత్త శబ్దానికి కూడా ముందు తమ వైద్యుడిని అడగాలి.

శబ్దస్థాయి గురించి ఎవరూ ఆలోచించడం లేదు. కళాశాల ప్రయోగశాలలోని ధ్వనిమాపకాన్ని హెడ్‌ఫోను దిండుకు ఆనించి చూస్తే, సిబ్బంది మామూలుగా పెట్టే స్థాయి సుమారు 89 డెసిబెల్‌లు వచ్చింది. ఇలా కొలిచినది ఉజ్జాయింపే అయినా లెక్క వేయడానికి సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం పెద్దవారు వారానికి 80 డెసిబెల్‌ల దగ్గర 40 గంటల వరకు వినవచ్చు, పిల్లలకు ఆ పరిమితి 75 డెసిబెల్‌లు. ప్రతి 3 డెసిబెల్‌లకూ అనుమతించే సమయం సగానికి పడిపోతుంది: 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. రోజూ 40 నిమిషాల విడత తీసుకునేవారు వారంలో 4 గంటల 40 నిమిషాలు వింటారు, అంటే ఆ వారానికి చెవికి ఉన్న కోటా ఇక్కడే దాదాపు ముగుస్తుంది; ఫోను, సినిమా హాలు, పెళ్లి ఊరేగింపు డీజే అన్నీ దానికి అదనం. నేను అడిగిన మీదట తగ్గించారు, తగ్గించినా అనుభవంలో తేడా ఏమీ రాలేదు, ఎందుకంటే విస్పందనం వినిపించడానికి పెద్ద శబ్దం అక్కర్లేదు. ఎదుటి మనిషి మామూలు గొంతుతో మాట్లాడితే మీకు వినిపించేంత తక్కువగా పెట్టమనండి. ఇంటి ఫైలును రాత్రంతా నడవనిచ్చేవారు ఇంకా జాగ్రత్త పడాలి: 80 డెసిబెల్‌లలోనైనా రోజుకు 7 గంటల చొప్పున వారానికి 49 గంటలవుతుంది, పరిమితి దాటిపోతుంది. నిద్రలోకి జారుకున్నాక అరగంటలో ఆగేలా టైమరు పెట్టుకోవాలి. వైరున్న ఇయర్‌ఫోన్లతో నిద్రపోకూడదు.

నాకు బాగా బాధ కలిగించిన మాట ఒకటుంది. అత్తయ్య రాత్రిపూట వేసుకునే మాత్ర గురించి విని, "నెల రోజులు రండి మేడమ్, మాత్ర మాన్పించేస్తాం" అని సిబ్బందిలో ఒకరు అన్నారు. అల్ప్రాజోలం, క్లోనజెపాం వంటి మాత్రలను కొన్నాళ్లు వాడి హఠాత్తుగా ఆపితే నిద్ర మరింత చెడటమే కాదు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. వాటిని ఎలా తగ్గించాలో రాసిచ్చిన వైద్యుడే చెప్పాలి. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్సగా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించినది నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే సీబీటీ-ఐ అనే పద్ధతి. దిగులు, భయం, నిద్రలేమి కలిసి వేధిస్తున్నవారు 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. గట్టి మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవారు వైద్యుడికి చెప్పకుండా ఇలాంటి విడతలు మొదలుపెట్టవద్దు.

వాహనాల గురించి కూడా చెప్పాలి. విడత ముగియగానే చాలామందికి కాసేపు మగతగా ఉంటుంది. మా అక్క కొడుకు వెంటనే బండి తీయబోతే ఆపి, కింద టీ తాగించి పావుగంట తరువాత పంపాను. కేంద్రం వారే ఈ మాట చెప్పి కాసేపు కూర్చోబెడితే బాగుంటుంది. నిద్ర శబ్దాలను బండి నడుపుతూ వినడం ఎంత మాత్రం కూడదు. రెండు చెవులూ మూస్తే తప్ప ఈ శబ్దం పని చేయదు; రెండు చెవులూ మూసుకుని ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎదుటి హారను వినకుండా యాత్రికులను దింపుకురావడం ఎవరూ చేయకూడని పని. రాత్రివేళల్లో తిరుమలకు ట్రిప్పులు వేసే ట్యాక్సీ డ్రైవర్లు కొందరు అలసట పోవడానికి ‘బీటా’ శబ్దాలు వింటున్నామని ఈ కేంద్రంలోనే చెప్పారు. అలసటకు మందు నిద్రే, శబ్దం దాన్ని భర్తీ చేయదు.

ఐదులో మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. శుభ్రతకు, నిజాయితీ గల ఫైళ్లకు, విమర్శను వినే నిర్వాహకురాలికి ఆ మూడూ. ఎక్కువ శబ్దానికి, కళ్లద్దాల విషయంలో నిర్లక్ష్యానికి, మాత్రల సలహాకు కోత. వెళ్లదలచినవారు సాయంత్రం ఐదు గంటలలోపు వెళ్తే రద్దీ తక్కువ. కూర్చోగానే కళ్లద్దాలు వద్దని, శబ్దం తగ్గించమని చెప్పండి. తలనొప్పి, తలతిరుగుడు, గుండెదడ, చెవిలో హోరు మొదలైతే 40 నిమిషాలు పూర్తయ్యే దాకా ఆగకుండా హెడ్‌ఫోన్లు తీసేయండి. మిగిలిన సమయానికి డబ్బు తిరిగి ఇవ్వరు, అయినా తీసేయండి. 9000 రూపాయల నెలసరి ప్యాకేజీ మొదటి రోజే తీసుకోవద్దు. అత్తయ్య అడిగినప్పుడల్లా నేను విడి విడతకే డబ్బు కట్టి తీసుకువెళ్తున్నాను, ఆవిడ మాత్ర మాత్రం డాక్టరు చెప్పినట్లే నడుస్తోంది.